షరతులోని మూడు దోషములు

నూజివీడు సీమలో చైత్ర వైశాఖములు మామిడి మాసములు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మొదలగు మండలముల తోటలనుండి చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లులు, జనులు కలెక్టరుకాయలని పిలుచు తోతాపురులు బండ్లకెక్కి, విజయవాడ చెంతనున్న నున్న మార్కెట్టునకును, అటనుండి దూరనగరములకును తరలిపోవుచుండును. ఆ తోటల నడుమనే, 2008వ సంవత్సరమున స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణమొకటి కలదు. ఈ ప్రాంతపు వారు దానిని ట్రిపుల్ ఐటీ అనియే అందురు. పదవ తరగతి మార్కులనుబట్టి ఎన్నుకొనబడి, అధికభాగము పల్లెల పాఠశాలలనుండి వచ్చిన బాలబాలికలు, ఇంటరు వంటి రెండేండ్ల చదువును, దానిపై నాలుగేండ్ల ఇంజనీరింగును కలిపి ఆరు సంవత్సరములు అచటనే చదువుకొందురు. తండ్రి తోటలో కాయ కోయించుచుండగా, బిడ్డ కంప్యూటరు ముందు కూర్చుండి యంత్రమునకు తర్కము నేర్పు కుటుంబములు ఈ సీమలో నేడు అరుదు కావు.

అట్టి విద్యార్థి గాని, మరి ఏ యూరి విద్యార్థి గాని పైథాన్ భాషను నేర్వబూనినపుడు, సంఖ్యలను కూడుటయు, పేర్లను తెరపై కనబరచుటయు అయిన పిమ్మట, ఎదురగు మొదటి గట్టి పాఠము షరతు. ఇది నిజమైన యెడల ఇట్లు చేయుము, కానియెడల అట్లు చేయుము అని యంత్రమును ఆజ్ఞాపించుటకు ఆ భాషలో ఇఫ్, ఎలిఫ్, ఎల్స్ అను మూడు మాటలు చాలును. చూచుటకు ఇంతకన్న సులభమైన పాఠము లేదు. అయినను తొలినాళ్లలో విద్యార్థిని ఎక్కువ వేధించునది ఇదియే. ఏలయన, అక్షరము తప్పినను, చుక్క మరచినను యంత్రమే ఆగి తప్పున్న పంక్తిని చూపును. షరతులోని భావము తప్పినపుడు మాత్రము ప్రోగ్రాము నిరాటంకముగా నడచి, తప్పు సమాధానమును ఒప్పు సమాధానమంత ధీమాగా చెప్పును. ఈ భావదోషములను వెదకుటకు ఒక క్రమము కలదనియు, ఆ క్రమమును మన తర్కశాస్త్రము చక్కగా నేర్పగలదనియు, దానిని పదునైదేండ్ల బాలుడు గూడ అభ్యసింపగలడనియు చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

షరతు యొక్క చరిత్ర నూజివీడునకు మిక్కిలి దూరమైనది కాదు. 1957లో ఐబీఎం సంస్థ వెలువరించిన ఫోర్ట్రాన్ భాషలో షరతు ఇరుకైనది: ఒక సంఖ్య ఋణమా, శూన్యమా, ధనమా అని చూచి మూడు దారులలో ఒకదానికి పంపుటయే దాని పని. ఆ రోజులలో అమెరికాలోని ఎంఐటీలో జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు చదరంగపు ఎత్తులను గణించు ప్రోగ్రామును ఆ భాషలో వ్రాయుచు, షరతునుబట్టి రెండు విలువలలో ఒకదానినిచ్చు ఉపకరణమును తానే కల్పించుకొనెను. అది అక్కరలేని విలువను గూడ గణించి కాలమును వృథాపుచ్చుట చూచి, షరతు నిజమైన యెడల మొదటిదానిని మాత్రమే, కానియెడల రెండవదానిని మాత్రమే గణించు వాక్యమును ఆయన ఊహించెను. అది ఆయన రూపొందించిన లిస్ప్ భాషలో నెలకొని, 1960 నాటి ఆల్గాల్ భాషకు సంక్రమించి, నేటి భాషలన్నిటికిని అలవడినది. ఆ మెకార్తీకి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున శిష్యుడై 1966లో డాక్టరేటు పొందినవాడు, 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డి. లోకము ఆయనను రాజ్ రెడ్డి అని ఎరుగును. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలసి ట్యూరింగ్ పురస్కారమందుకొనిన ఆ మహనీయుడే, నూజివీడు మొదలగు ప్రాంగణములు గల ఈ విశ్వవిద్యాలయమునకు తొలి కులపతి. కావున ఇఫ్ అను మాటను తొలిసారి టైపు చేయు నూజివీడు విద్యార్థి, తానెరుగకయే, గురుపరంపర నంటిన విద్యను అభ్యసించుచున్నాడు.

ఇక దోషముల మాట. పదునేడవ శతాబ్దిలో ఆంధ్రుడైన అన్నంభట్టు, బాలురకు సుఖముగా బోధపడునట్లు తర్కసంగ్రహమను చిన్న గ్రంథమును రచించి, దానికి దీపిక అను వ్యాఖ్యను గూడ తానే వ్రాసెను. సంస్కృత పాఠశాలలలో తర్కమును ఆరంభించువారికి నేటికిని అదియే తొలి పుస్తకము. లక్షణము, అనగా ఒక వస్తువును తక్కినవాని నుండి వేరుపరచు గుర్తు, మూడు విధముల చెడునని ఆ దీపికలో కలదు. గోవును గుర్తించుటకు కపిలవర్ణము గలది గోవు అనిన యెడల తెల్లని గోవు తప్పిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది గోవు అనిన యెడల గేదెయు గోవగును, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది గోవు అనిన యెడల ఏ గోవును దొరకదు, ఇది అసంభవము. ప్రోగ్రాములోని షరతును ఇట్టి లక్షణమే. ఏ విలువలు ఈ దారిన పోవలెనో నిర్ణయించు గుర్తు అది. కనుక షరతు చెడినపుడు విద్యార్థి వేసికొనవలసిన ప్రశ్నలును మూడే: రావలసినది రాకపోయినదా? రాకూడనిది వచ్చినదా? అసలేదియు రాజాలదా?

ఉదాహరణకు మామిడికాయలను తరగతులుగా విభజించు చిన్న ప్రోగ్రామును తీసికొందము. ఆహారవస్తువులకు అంతర్జాతీయ ప్రమాణములను నిర్ణయించు కోడెక్స్ సంఘము 1993లో మామిడికి ఏర్పరచిన ప్రమాణమున, 200 మొదలు 350 గ్రాముల వరకు ఏ తరగతి, 351 మొదలు 550 వరకు బీ తరగతి, 551 మొదలు 800 వరకు సీ తరగతి. షెడ్డులో కాయలు ఏరు అనుభవజ్ఞుడు ఈ నియమమును విని, చెప్పని విషయములను గూడ తన బుద్ధితో పూరించుకొని పని సాగించును. కంప్యూటరునకు ఆ శక్తి లేదు; వ్రాసినంతయే దానికి తెలియును.

మొదట అతివ్యాప్తిని చూతము. విద్యార్థి తొలి షరతుగా బరువు 200 గాని అంతకెక్కువ గాని అయిన యెడల ఏ తరగతి అనియు, తరువాత ఎలిఫ్‌తో 351 గాని అంతకెక్కువ గాని అయిన యెడల బీ అనియు, ఆపై 551 గాని అంతకెక్కువ గాని అయిన యెడల సీ అనియు వ్రాసెననుకొనుడు. 600 గ్రాముల కాయ వచ్చినది. అది 200 కంటె ఎక్కువయే కదా. మొదటి షరతే నిజమగుటచే యంత్రము దానిని ఏ తరగతిలో చేర్చి, తక్కిన షరతులవంక చూడనైన చూడదు. ఇఫ్, ఎలిఫ్ వరుసలో మొదట నిజమైనదే గెలుచునను నియమము మరచుట వలన, మొదటి షరతు అతివ్యాప్తమై, బీ, సీ తరగతులకు కాయయే లేకపోయినది. పెద్ద బరువునుండి క్రిందికి దిగుచు పరీక్షించుటయో, ప్రతి షరతునకును రెండు హద్దులను వ్రాయుటయో దీనికి చికిత్స. పైథాన్‌లో 200 <= బరువు <= 350 అని గణితమున వ్రాసినట్లే వ్రాయవచ్చును.

అతివ్యాప్తిలో ఇంకొక జాతి కలదు. పైథాన్ నేర్చువారిలో దీని పాలబడనివారు అరుదు. రసపు మామిడులను వేరుచేయుటకై, రకము == "చిన్నరసము" ఆర్ "పెద్దరసము" అని విద్యార్థి వ్రాయును. మనము మాటలాడునపుడు రకము చిన్నరసమో పెద్దరసమో అయిన యెడల అని అందుము గనుక, ఆ వాక్యము సరియైనదిగనే తోచును. యంత్రము మాత్రము దానిని రెండు వేరు ప్రశ్నలుగా విడదీయును: రకము చిన్నరసమా అనునది మొదటిది; పెద్దరసము అను పదము నిజమా అనునది రెండవది. శూన్యము కాని ప్రతి పదమును పైథాన్ నిజముగనే పరిగణించును. అందుచే బంగినపల్లి వచ్చినను, సువర్ణరేఖ వచ్చినను, ఆ షరతు నిజమగుచునే యుండును. పోలికను రెండుమార్లును పూర్తిగా వ్రాయవలెను. లేదా రెండు పేర్లనొక జాబితాగా నుంచి, రకము అందున్నదా అని ఇన్ అను మాటతో అడుగవలెను.

అవ్యాప్తి హద్దులయందు దాగియుండును. పై ప్రమాణమునే ఉన్నదున్నట్లు వ్రాసితిమనుకొనుడు: ఏ తరగతి 350తో ముగియును, బీ తరగతి 351తో మొదలగును. ఎలక్ట్రానిక్ కాటాపై ఒక కాయ 350.5 గ్రాములు తూగినది. అది మూడు తరగతులలో దేనికిని చెందక, చివరనున్న ఎల్స్ క్రిందికి జారి, తిరస్కరింపబడిన కాయలలో పడిపోవును. ప్రమాణమును వ్రాసినవారు పూర్ణసంఖ్యలను తలచిరి. యంత్రము దశాంశములను గూడ చూచినది. ఆ కాయ ఎందు చేరవలెనో నిర్ణయించి, ‘ఏ’ తరగతి హద్దును 351కి లోబడినంతవరకు అని మార్చుట ప్రోగ్రాము వ్రాయువాని బాధ్యత.

ఇది చిన్న సంగతి అని తలపరాదు. 2008 డిసెంబరు 31వ తేదీన మైక్రోసాఫ్ట్ వారి జూన్ అను సంగీత యంత్రములలో, 30 గిగాబైట్ల రకమునకు చెందినవి ఒక్కసారిగా నిలిచిపోయినవి. కారణమొక షరతు. ఆనాటి తేదీని గణించు భాగము, మిగిలిన దినములు 365కు మించియున్నంతవరకు లెక్కను మరల మరల నడపుచు, లీపు సంవత్సరమైన యెడల, దినములు 366కు మించినపుడు మాత్రమే 366ను తీసివేయునట్లు వ్రాయబడినది. దినములు సరిగా 366 అయిన యెడల ఏమి చేయవలెనో అందు లేదు. లీపు సంవత్సరపు చివరి దినమున ఆ సంఖ్య సరిగా 366 అగుటచే, యంత్రము తీసివేయను లేక, వెలికి రాను లేక, ఒకే చోట తిరుగుచుండెను. ఆ దినము గడచిన పిమ్మట మాత్రమే అవి తిరిగి పనిచేసినవి. తక్కిన దినములన్నిట చక్కగా నడచిన ప్రోగ్రాము ఒక్క హద్దున పడిపోయినది; అవ్యాప్తికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము ఉండజాలదు.

అసంభవము అన్నిటికంటె నిశ్శబ్దమైనది. 200కు తక్కువైన కాయలను, 800కు ఎక్కువైన కాయలను తీసివేయుడు అని మేస్త్రి చెప్పును. ఆ వాక్యమున రెండు గుంపులును కలిసి వినబడుటచే విద్యార్థి వానిని అండ్ అను మాటతో కలుపును. ఏ కాయయు ఏకకాలమున 200కు తక్కువయు 800కు ఎక్కువయు కాజాలదు గనుక, ఆ షరతు ఎన్నడును నిజము కాదు. ఒక్క కాయయు తొలగింపబడదు. అచట ఉండవలసినది ఆర్. ఇట్లే, వాడుకరినుండి బరువును అడిగి పుచ్చుకొను ఇన్‌పుట్ అను ఉపకరణము 400 అని టైపు చేసినను దానిని సంఖ్యగా గాక అక్షరములుగా అందించును. అక్షరరూపమైన 400, సంఖ్యారూపమైన 400తో సమానమా అని అడిగిన యెడల పైథాన్ కాదనుచునే యుండును. దానిని 200 కంటె పెద్దదా అని అడిగినచో మాత్రము, రెండును భిన్నజాతులని చెప్పి నిలిచిపోవును. రెంటిని అక్షరములుగనే యుంచి పోల్చినచో నిఘంటువు క్రమమున 1000 అనునది 200 కంటె చిన్నదగును. వచ్చినదానిని వెంటనే ఇంట్ లేక ఫ్లోట్ అను ఉపకరణముతో సంఖ్యగా మార్చుకొనుట తొలి అలవాటు కావలెను. దశాంశసంఖ్యలను సమానత్వమునకై పోల్చుటయు ఇట్టిదే: 0.1ని 0.2తో కూడిన యెడల పైథాన్ 0.30000000000000004 అని చూపును, అది 0.3తో సమానము కాదు, ఏలయన యంత్రము సంఖ్యలను రెంటి ఘాతములలో భద్రపరచును, ఆ రూపమున పదవవంతు సరిగా ఇమడదు.

నిషేధమును చేర్చినపుడు ఈ దోషములు మరింత చిక్కుపడును. మచ్చలేనిదియు, ముదిరినదియు అయిన కాయ ఎగుమతికి యోగ్యమనుట నియమము. అయోగ్యమైనది ఏది? మచ్చ గలదియు, ముదరనిదియు అని తొందరపాటున అందుము. అట్లైన యెడల ముదిరినను మచ్చగల కాయ అయోగ్యముల నుండి తప్పించుకొనును. సరియైన మాట, మచ్చయైన ఉన్నది, లేదా ముదరనైన లేదు అని. సంయుక్తవాక్యమును కాదనునపుడు లోపలి అంశములను కాదనుటయేగాక, అండ్‌ను ఆర్‌గాను, ఆర్‌ను అండ్‌గాను మార్చవలెనను ఈ సూత్రము డి మోర్గాన్ పేర వెలసియున్నది. లండనులో గణితాచార్యుడై, 1847లో తర్కముపై గ్రంథము వెలువరించిన ఆ అగస్టస్ డి మోర్గాన్ 1806 జూన్ 27న జన్మించినది మన దక్షిణదేశపు మధురలో.

షరతు సరియైనదైనను, దాని ఏలుబడి ఎంతవరకో తెలియక చిక్కుపడుట మరియొకటి. అనేక భాషలలో ఈ హద్దును కుండలీకరణములు నిర్ణయించును. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ తన ఫోనులకును కంప్యూటరులకును సవరణ పంపవలసివచ్చిన ప్రసిద్ధ దోషమున, ఒక షరతు క్రింది పంక్తి పొరపాటున రెండుమార్లు పడినది. కుండలీకరణములు లేనందున మొదటి పంక్తి మాత్రమే షరతునకు లోబడి, రెండవది ఎల్లప్పుడును నడచి, భద్రతాపరీక్షను దాటవేసినది. కంటికి రెండును లోనికి జరిపి వ్రాయబడియుండుటచే ఒకే గుంపుగ కనబడినవి. 1991లో గైడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్‌లో కంటికి కనబడు జరుపుడే యంత్రమునకును హద్దు. ఇది విద్యార్థికి మేలు. అయినను ఎల్స్ ఏ ఇఫ్‌నకు చెందినదో గమనింపవలెను. ఎలిఫ్ వ్రాయవలసినచోట వరుసగా మూడు ఇఫ్‌లు వ్రాసిన యెడల, అవి మూడు స్వతంత్ర ప్రశ్నలై, చివరి ఎల్స్ మూడవదానికి మాత్రమే చెందును. అపుడు 400 గ్రాముల కాయకు బీ తరగతి లభించిన మరుక్షణమే, మూడవ షరతు అబద్ధమైనందున, ఎల్స్ దానిని తిరస్కరించును.

ఇట్టి దోషములను కనుగొను అభ్యాసము నాలుగు మెట్లది. మొదటిది, ఏమి రావలెనో, ఏమి వచ్చినదో కాగితముపై వ్రాయుట. ఈ రెంటిని వ్రాయలేనివాడు ఇంకను సమస్యనే ఎరుగడు. రెండవది, హద్దుల విలువలతో పరీక్షించుట: మన ప్రోగ్రామునకు 199, 200, 350, 350.5, 351, 550, 551, 800, 801 అనునవి, మధ్యనున్న సంఖ్యలెన్నిటికంటెను ఎక్కువ సత్యమును చెప్పును. మూడవది, షరతునే తెరపై చూపుమని ప్రింట్‌తో అడుగుట. పైథాన్ ట్రూ అనియో ఫాల్స్ అనియో చెప్పును, మన ఊహ ఎచట తప్పినదో అచటనే తెలియును. రెండు అంశములున్న షరతునకు నాలుగు, మూడున్నదానికి ఎనిమిది సందర్భములు గనుక, వానినన్నిటిని పట్టికగా వ్రాసి చూచుట కష్టము కాదు. నాలుగవది, ఒకసారికి ఒక్క మార్పునే చేసి, పాత పరీక్షలన్నిటిని మరల నడపుట. రెండు మార్పులు కలిపి చేసినవానికి ఏది వ్యాధియో, ఏది మందో తెలియదు. ఈ పరీక్షలను అసర్ట్ అను మాటతో ప్రోగ్రాములోనే భద్రపరచిన యెడల, రేపటి మార్పు నేటి ఒప్పును చెరపినపుడు యంత్రమే హెచ్చరించును.

తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థులకు ఒక మాట. షరతును ముందు తెలుగులో పూర్తి వాక్యముగా వ్రాయుడు. అందు మూడు దోషములను వెదకుడు. ఆ పిమ్మటనే దానిని పైథాన్‌లో పెట్టుడు. నూజివీడు ప్రాంగణము వెలసిన 2008లోనే విడుదలైన పైథాన్ 3, విలువలకు పెట్టు పేర్లను తెలుగు లిపిలో గూడ అంగీకరించును. బరువు, రకము అని వ్రాసినను యంత్రము గ్రహించును. తర్కము ఏ ఒక్క భాష సొత్తును కాదు. ఆంగ్లమున తడబడుట బుద్ధిలేమి అని ఎవ్వరును భయపడనక్కరలేదు.

1949లో కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ యంత్రమును నిర్మించిన మారిస్ విల్క్స్ అంతటివాడు, తన శేషజీవితమున అధికభాగము తన ప్రోగ్రాములలోని తప్పులు వెదకుటకే చెల్లునని ఆనాడే గ్రహించితినని తరువాత వ్రాసికొనెను. కనుక తప్పు దొరకుట విద్యార్థికి అవమానము కాదు, అది ఈ విద్యలోని నిత్యకృత్యము. ఉపాధ్యాయులు ఈ సంగతి తలచి, ఒప్పైన ప్రోగ్రామును వల్లె వేయించుటతో తృప్తిపడక, దోషము గల ప్రోగ్రామునిచ్చి, దోషమేజాతిదో చెప్పుమని అడుగవలెను. కనుగొనినవానికి, క్రొత్తగా వ్రాసినవానితో సమానముగ మార్కులీయవలెను. తల్లిదండ్రులు గూడ, బిడ్డ ఒక్క పంక్తి ముందు గంటసేపు కూర్చుండుట చూచి కాలహరణమని తలపరాదు. రేపు రైతునకు ధర నిర్ణయించు యంత్రమును, రోగికి మందు మోతాదు చెప్పు యంత్రమును ఇట్టి షరతులమీదనే నడచును. వానిలో ఎవ్వరును అన్యాయముగ తప్పిపోకుండునట్లు వ్రాయగలవారిని తయారుచేయుట, ఈ తరపు విద్యాసంస్థలన్నిటికిని ప్రథమకర్తవ్యము.